రెండో నంబరు కోల్డ్ రూమ్ నుంచి

ఏలూరు నుంచి కైకలూరు వెళ్ళే రోడ్డులో, కొల్లేటి గాలి ముఖానికి తగలడం మొదలయ్యే చోట, ఎడమ చేతి వైపు ఒక పాత ఐసు ఫ్యాక్టరీ ఉంది. ఇప్పుడు దానికి తాళం. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు పేల్చేసిన మరుసటేడు మాత్రం అది నరసరాజు గారి రొయ్యల కంపెనీ. పగలు మూడొందల మంది పనిచేసేవారు. పొద్దుగూకిందా... ఆటోవాళ్ళు ఆ గేటు ముందు బండి ఆపేవారు కాదు. ఆపమంటే, ఇంకో ఫర్లాంగు ముందుకెళ్ళి ఆపేవారు.

కారణం లోపలున్న రెండో నంబరు కోల్డ్ రూమ్.

దాని మిషన్ ఆపేసి, ఇనప తలుపుకి తాళం వేసి మూడు నెలలైంది. అయినా రాత్రుళ్ళు ఆ తలుపు లోపలి నుంచి చప్పుడయ్యేదట. గట్టిగా కాదు. ఓపిక అయిపోయినవాళ్ళు కొట్టినట్టు — టప్... చాలాసేపు ఆగి... టప్. ఇద్దరు వాచ్‌మన్లు జీతం కూడా అడక్కుండా పోయారు. విశ్వాసం అనే ముసలి వాచ్‌మన్ ఒక్కడే మిగిలాడు. అతనికి వెళ్ళడానికి ఇంకో చోటు లేదు.

ఆ కంపెనీలో ఒక రాత్రంతా కూర్చుని పనిచేసినవాడు రిజ్వాన్. అతనికి జరిగింది ఏలూరు తూర్పు వీధిలో అతని ఇరుగుపొరుగువాళ్ళు చెప్పగా విన్నాను. విన్నది విన్నట్టే చెబుతాను.

రిజ్వాన్ తాతా తండ్రీ తివాచీలు నేసినవాళ్ళు. అతని దాకా వచ్చేసరికి మగ్గం మూలపడింది. కంప్యూటర్ కోర్సు చేసి, ఆర్.ఆర్. పేటలో ఒక సర్వీస్ సెంటర్లో చేరాడు. ఇరవయ్యారేళ్ళు. పనిమంతుడని పేరు. రాజు గారి కంపెనీలో మెయిల్ సర్వర్ పెట్టింది అతనే. ఎవరి కంప్యూటర్ మొరాయించినా సర్వీసు అడ్రసుకి ఒక మెయిల్ కొట్టేవారు. అది అతనే చూసుకునేవాడు.

జనవరి నెలాఖర్లో ఒక శుక్రవారం ఆ సర్వర్లో డిస్కు పోయింది. దాంతో అందరి మెయిళ్ళూ పోయాయి. సరుకు కొనే జపాను వాళ్ళు అడిగిన కాగితాలన్నీ ఆ మెయిళ్ళలోనే ఉన్నాయి. సోమవారానికల్లా అవి పంపకపోతే రెండు కంటెయినర్లు ఓడరేవు నుంచి వెనక్కి వచ్చేస్తాయి.

రిజ్వాన్ వెళ్ళేసరికి చీకటి పడుతోంది. మేనేజర్ ప్రసాదరావు గారు గేటు దగ్గరే ఎదురొచ్చారు.

“బ్యాకప్ టేపుల్లోంచి మళ్ళీ తేవచ్చు కదయ్యా?”

“టేపు బాగుంటే వచ్చేస్తాయండీ.”

“అందరివీ తీసుకురా.” ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. “క్యాథరిన్‌ది మాత్రం వద్దు. చచ్చిపోయిన పిల్ల ఉత్తరాలు మనకెందుకు?”

క్యాథరిన్ అక్కడ స్టాకు రిజిస్టరు రాసే పిల్ల. కొల్లేటికోట దగ్గర లంక నుంచి వచ్చేది. అక్టోబరులో ఒక ఉదయం రెండో నంబరు కోల్డ్ రూములో... బిగుసుకుపోయి దొరికింది. ప్రేమ వ్యవహారమట, తనంతట తనే లోపలికెళ్ళి తలుపేసుకుందట — కంపెనీ అలాగే చెప్పింది. పోలీసులు అలాగే రాసుకున్నారు. చర్చిలో ప్రార్థనకి కూడా జనం ముఖం చాటేశారు. తల్లి మార్తమ్మ ఆ గేటు ముందు పది రోజులు కూర్చుంది. వచ్చేపోయే వాళ్ళందరితో ఒకటే మాట — “నా పిల్ల చలికి ఓర్చుకోలేదండీ. చావాలనుకుంటే నూతిలో దూకుతుంది గానీ... ఆ గదిలోకి వెళ్ళదండీ.”

ఆ గొడవంతా జరిగినప్పుడు రిజ్వాన్ ఊళ్ళో లేడు. ట్రెయినింగ్ కోసం పదిహేను రోజులు హైదరాబాదులో ఉన్నాడు. తిరిగొచ్చాక విన్నాడు. అయ్యో అనుకున్నాడు. అంతే.

సర్వర్ గది మేడ మీద. అద్దాల గది, ఒక ఏసీ, ఒక ట్యూబులైటు. ప్రసాదరావు గారు కాసేపు నిలబడి, ఏలూరు వెళ్ళిపోయారు. ఆఫీసులో ఇంకెవరూ లేరు. గేటు దగ్గర విశ్వాసం. పైన రిజ్వాన్.

కొత్త డిస్కు పెట్టి, సర్వర్ మళ్ళీ ఎక్కించేసరికి పది దాటింది. అప్పుడు, రోజూ రాత్రి మెయిళ్ళ నకలు ఎక్కించి దాచే టేపుల మీద పడ్డాడు. డ్రైవులో ఉన్న టేపు చూస్తే... ఏమీ లేదు. మూడు నెలలుగా మార్చే దిక్కు లేక, రోజూ అదే టేపు మీద రాసి రాసి అరిగిపోయింది. రోజూ టేపు మార్చేది రిసెప్షన్లో కామేశ్వరి గారు. క్యాథరిన్ పోయిన మర్నాడే ఆవిడ ఉద్యోగం మానేశారు.

బీరువాలో మిగతావి తీసి చూశాడు. ఒకటి బూజు పట్టింది. ఇంకోటి తెగింది. అడుగున ఒకే ఒక్క టేపు శుభ్రంగా ఉంది. దాని మీద కామేశ్వరి గారి గుండ్రటి రాత — ‘అక్టోబర్ 11’.

క్యాథరిన్ పోయిన రాత్రి.

రిజ్వాన్ ఆ టేపు పట్టుకుని కాసేపు కూర్చున్నాడు. ఒకరిది వదిలేసి మిగతావాళ్ళవి తీయడానికి అందులో వీల్లేదు. వస్తే అందరివీ వస్తాయి. సరే, వచ్చాక ఆమెది తీసేద్దాం అనుకున్నాడు. టేపు లోపలికి తోశాడు.

డ్రైవు మూలిగినట్టు చప్పుడు చేస్తూ తిరగడం మొదలెట్టింది. తెర మీద పేర్లు ఒక్కొక్కటే వస్తున్నాయి. నరసరాజు గారు. ప్రసాదరావు గారు. కామేశ్వరి గారు. గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి.

ఒంటిగంటన్నరకి విశ్వాసం టీ ఫ్లాస్కు పట్టుకుని మెట్లెక్కాడు. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

“బాబూ...” గుసగుసగా అన్నాడు. “కింద మొదలైందండీ.”

“ఏవిటి?”

“తలుపండీ.”

రిజ్వాన్ చెవి రిక్కించాడు. ఏసీ హోరు. డ్రైవు మూలుగు. ఆ రెంటి అడుగున, ఎక్కడో దూరంగా... టప్.

“పైపులు విశ్వాసం గారూ. చలికి ఇనుము ముడుచుకుంటుంది.”

“ఆ గది మిషన్ మూణ్ణెల్లుగా ఆగి ఉందండీ,” అన్నాడు ముసలాయన.

అప్పుడే డ్రైవు ఆగింది. పని పూర్తయింది. పేర్ల వరసలో చివర — క్యాథరిన్.

తీసేయడానికే ఆ పేరు మీద నొక్కాడు రిజ్వాన్. కానీ మెయిల్‌బాక్స్ తెరుచుకుంది. తెరుచుకున్నాక చూడకుండా ఉండలేకపోయాడు.

ఆ సాయంత్రం ఆమె పంపిన మెయిళ్ళు వరసగా ఉన్నాయి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. కోల్డ్ రూము తలుపు లోపలే చిన్న చెక్క క్యాబిన్, అందులో స్టాకు ఎక్కించుకునే కంప్యూటర్ ఒకటి ఉండేది. అక్కణ్ణుంచి పంపినవి. ఫోను పైన హ్యాండ్‌బ్యాగులో ఉండిపోయినట్టుంది. ఆమెకి తెలిసినవాళ్ళలో మెయిల్ ఉన్నవాళ్ళు ఆఫీసువాళ్ళే.

ఏడూ ఐదు. ప్రసాదరావు గారికి. ‘సార్, తప్పయిపోయిందండీ. టెంపరేచరు మీరు చెప్పినట్టే రాస్తాను. తలుపు తీయండి సార్.’

ఏడూ పదకొండుకి ఆయన జవాబు. ‘ఇప్పుడు తెలిసిందా లోపల చల్లగా ఉందో లేదో? అరగంట ఉండు. ఉండి, అప్పుడు రాయి రిజిస్టర్లో.’

రిజ్వాన్ టీ గ్లాసు కింద పెట్టేశాడు.

ఏడూ యాభై. ‘సార్ అరగంట అయిపోయిందండీ.’

ఎనిమిదీ పది. అందరికీ. ‘రెండో నంబరులో ఉండిపోయాను. లోపల గొళ్ళెం పనిచెయ్యట్లేదు. బెల్లు మోగట్లేదు. ఎవరైనా రండి.’

ఎనిమిదీ నలభై. అందరికీ. అందులో సగం అక్షరాలు తప్పు. వేళ్ళు ఒకటి నొక్కబోయి ఇంకోటి నొక్కుతున్నాయి. ‘కాళ్ళు తెలియట్లేదు అమ్మకి చెప్పండి’

ఆరు దాటితే ఆఫీసులో ఉండేదెవరు? ఎవరూ చూడలేదు. జవాబు లేదు.

తొమ్మిదీ పద్నాలుగు. సర్వీసు అడ్రసుకి. ‘డోర్ ఓపెన్ అవట్లేదు. రండి.’

దాని కింద తొమ్మిదీ ఇరవై రెండుకి ఒక జవాబు ఉంది.

‘డోర్ పక్కన చిన్న రంధ్రం ఉంటుంది. గుండుసూదితో గుచ్చండి, అదే వచ్చేస్తుంది. రాకపోతే వదిలెయ్యండి, తర్వాత చూద్దాం. — రిజ్వాన్.’

అతను ఆ పేరు రెండుసార్లు చదివాడు.

అప్పుడు గుర్తొచ్చింది. స్టేషన్ దగ్గర ఇంటర్నెట్ సెంటరు. మర్నాడు పొద్దున్నే హైదరాబాదు రైలు. ఆ రోజొచ్చిన కంప్లయింట్లన్నీ గబగబా చూస్తున్నాడు. ఆ వారమే ఆ కోల్డ్ రూము కంప్యూటర్‌కి సీడీ డ్రైవు మార్చాడు. ‘డోర్ ఓపెన్ అవట్లేదు’ అనగానే సీడీ డ్రైవు తలుపే అనుకున్నాడు; అది ఇరుక్కుంటే సూదితో గుచ్చి తెరుస్తారు. మూడు వాక్యాలు కొట్టి, మిగతా కంప్లయింట్లు కూడా చూసుకుని, తొమ్మిదిన్నర దాటాక లేచి ఇంటికెళ్ళిపోయాడు. మళ్ళీ ఇప్పటిదాకా ఆ మెయిలు తలపుకైనా రాలేదు.

మైనస్ పద్దెనిమిది డిగ్రీల్లో, కాళ్ళు తెలియని పిల్లకి... గుండుసూది.

టింగ్.

తెర మూల చిన్న చప్పుడు. సర్వీసు అడ్రసుకి కొత్త మెయిలు. పంపింది — క్యాథరిన్.

‘అది కాదండీ రిజ్వాన్ గారూ. సీడీ డోర్ కాదండీ. నేనే లోపల ఉన్నానండీ.’

రిజ్వాన్ మెయిలు మీద టైము చూశాడు. అక్టోబరు పదకొండు. రాత్రి తొమ్మిదీ ముప్పై ఒకటి.

అప్పుడు అర్థమైంది. అర్థమవడం ఇంకా ఘోరం.

రోజూ రాత్రి తొమ్మిదిన్నరకి సర్వర్ మెయిళ్ళు ఆపేసి, అన్నీ టేపు మీదకి ఎక్కించుకునేది. తెల్లారే దాకా ఏ మెయిలూ కదలదు. ఆ టైము పెట్టింది అతనే. క్యాథరిన్ జవాబు కొట్టేసరికి ఒక్క నిమిషం దాటింది. అది బయటికి పోకుండా ఆమె కంప్యూటర్ అవుట్‌బాక్సులోనే ఉండిపోయింది. తెల్లారకముందే ఆ కంప్యూటర్ ఎవరో ఆపేసి ఉంటారు. ఇప్పుడు సర్వర్ మళ్ళీ లేవగానే కదిలి వచ్చింది. అంతే. దెయ్యమూ లేదు, భూతమూ లేదు. ఒక్క నిమిషం ముందు వచ్చుంటే అతను ఇంటర్నెట్ సెంటర్లోనే ఉన్నాడు. చదివేవాడు. పరిగెత్తేవాడు.

టింగ్. ఇంకోటి.

అంటే... ఆ కంప్యూటర్ ఇప్పుడు ఆన్‌లో ఉండాలి. తాళం వేసిన గదిలో.

“విశ్వాసం గారూ, రెండో నంబరు తాళంచెవి ఎక్కడుంది?”

ముసలాయన చేతులు జోడించాడు. “వద్దు బాబూ.”

“ఆ రాత్రి మీరెక్కడున్నారు?”

“మేనేజరు గారు వాచ్‌మన్లందర్నీ సాయంత్రం ఐదింటికే చెరువుల కాపలాకి పంపేశారండీ. ఇక్కడుంటే... తీసేవాణ్ణి కదండీ.” బొడ్లోంచి తాళాల గుత్తి తీశాడు.

ఇద్దరూ కిందకి దిగారు. విశ్వాసం చేతిలో టార్చి లైటు. హాలు నిండా పాత రొయ్యల కంపు. చప్పుడు లేదు. తలుపు దగ్గరికి వెళ్ళేకొద్దీ, లోపల ఎవరో ఊపిరి బిగబట్టి వింటున్నట్టు... ఆ నిశ్శబ్దమే బరువుగా ఉంది.

తాళం తిరిగింది. రిజ్వాన్ రెండు చేతులతో గొళ్ళెం లాగాడు.

మూడు నెలలుగా మిషన్ ఆగిన గది. అయినా లోపలి చలి ఒక్కసారిగా తోసుకొచ్చింది. వాళ్ళిద్దరి మధ్య నుంచి దాటుకుని, హాల్లోంచి గేటు వైపు పోయింది. విశ్వాసం తల మీది తువ్వాలు కింద పడింది.

టార్చి వెలుగులో చెక్క క్యాబిన్. ఒక బల్ల. ఒక కుర్చీ. తలుపు లోపలి వైపు, నడుము ఎత్తులో, గోళ్ళతో గీకిన గీతలు.

బల్ల మీద ఏమీ లేదు. గోడ మీంచి వేలాడుతున్న నెట్‌వర్క్ వైరు కొస కత్తిరించి ఉంది.

“కంప్యూటరేది?”

“పండక్కి ముందే తాడేపల్లిగూడెం గోడౌనుకి పట్టుకుపోయారు కదండీ,” అన్నాడు విశ్వాసం.

పై నుంచి, మేడ మీద నుంచి, వినిపించింది — టింగ్.

మేడ ఎక్కాక రిజ్వాన్ మళ్ళీ సర్వర్ ముందు కుర్చీలో కూర్చోలేదు. నిలబడే, వచ్చినవి వచ్చినట్టు అన్నీ ప్రింటు కొట్టాడు. చదవలేదు. చదివే ధైర్యం లేదు. కాగితాలు మడిచి సంచిలో పెట్టాడు. టేపు తీసి చొక్కా లోపల దోపుకున్నాడు.

మెట్ల దగ్గర ప్రసాదరావు గారు నిలబడి ఉన్నారు. నాలుగు కూడా కాలేదు. నిద్రపట్టక వచ్చినట్టున్నారు. అతని ముఖం చూడగానే ఆయనకి తెలిసిపోయింది.

“చదివావా?”

రిజ్వాన్ సంచి భుజానికి తగిలించుకున్నాడు.

“అరగంటేనయ్యా అనుకున్నాను. పిల్లకి పొగరు తగ్గుతుందని. గూడెంలో పెళ్ళికి వెళ్ళాలి, టైమైపోతోంది... బయల్దేరిపోయాను. భోజనాల దగ్గర గుర్తొచ్చింది. ఈపాటికి ఎవరో తీసే ఉంటారులే అనుకున్నాను.” ఆయన గొంతులో ఏడుపు లేదు. భోజనంలో ఏదో వడ్డించడం మర్చిపోయినట్టు చెబుతున్నారు. “మర్నాడు అందరి బాక్సుల్లోంచీ ఆ పిల్ల మెయిళ్ళు తీసేసేటప్పుడు నీదీ చూశాను. నన్ను పట్టిస్తే నువ్వు మాత్రం మిగులుతావా? నేను అరగంట అన్నాను. నువ్వు వదిలెయ్యండి అన్నావు.”

“అవునండీ,” అన్నాడు రిజ్వాన్.

“ఆ టేపు ఇలా ఇచ్చెయ్. ఇద్దరం బతుకుతాం.”

రిజ్వాన్ ఆయన్ని తోసుకుని దిగిపోయాడు.

ఆ టేపు తర్వాత పోలీసు స్టేషనుకి వెళ్ళింది. కేసు తిరగతోడారు. కంపెనీ మూతపడింది. అవన్నీ ఆ చుట్టుపక్కల అందరికీ తెలిసినవే. కానీ రిజ్వాన్ ఆ తెల్లవారుజామున ముందు వెళ్ళింది పోలీసుల దగ్గరికి కాదు. మంచులో కొల్లేటి గట్టు దాకా బండి నడిపి, అక్కడ పడవ ఎక్కి, లంకలో మార్తమ్మ ఇంటికి వెళ్ళాడు.

ఆవిడ వాకిట్లో కూర్చుని చేపల గంప కడుగుతోంది. అతనెవరో చెప్పాడు. ఎందుకొచ్చాడో చెప్పాడు.

“నాకు చదువు రాదు బాబూ,” అంది. “నువ్వే చదువు.”

చదివాడు. ఒక్కటీ వదల్లేదు. ప్రసాదరావు గారి జవాబు చదివాడు. కాళ్ళు తెలియట్లేదన్నది చదివాడు. అప్పుడు తన జవాబు కూడా, తన పేరుతో సహా, పైకి చదివాడు. చదివి అదెందుకు అలా రాశాడో చెప్పాడు.

మార్తమ్మ చేతులు గంపలోనే ఆగిపోయాయి.

“ఎన్నింటికి రాశావు ఇది?”

“తొమ్మిదీ ఇరవై రెండుకండీ.”

“ఆ తర్వాత ఇంటికెళ్ళావా?”

“వెళ్ళానండీ.”

“ఏం తిన్నావు?”

రిజ్వాన్ తల వంచుకున్నాడు. “అన్నమూ... మాంసం కూరా అండీ.”

“వేడిగా ఉందా?”

అతను ఏడ్చేశాడు. ఆవిడ ఏడవలేదు. ఓదార్చనూ లేదు. అతని ఏడుపు ఆగేదాకా చూసి, గడ్డంతో కాగితాల వైపు చూపించింది.

“ఇంకా ఉన్నాయిగా. చదువు.”

మిగతావి అతను కూడా చూడనివి. తొమ్మిదీ ముప్పై ఒకటి. తొమ్మిదీ నలభై ఐదు — ‘రిజ్వాన్ గారూ చూశారా అండీ.’ పది — ‘ఇప్పుడు చలి వెయ్యట్లేదండీ. నిద్రొస్తోంది.’ పదిన్నర — అన్నీ ఒకటే అక్షరం, వరస నిండా. వేలు మీట మీద పడి అలాగే ఉండిపోయినట్టు.

ఇక అయిపోయాయనుకున్నాడు. కింద ఇంకో కాగితం ఉంది.

దాని మీద తేదీ చూసి ఆగిపోయాడు. అది అక్టోబరుది కాదు. అప్పుడే గడిచిన రాత్రిది. రెండూ నలభై ఒకటి... తను కోల్డ్ రూము గుమ్మంలో నిలబడి, గొళ్ళెం లాగిన వేళ.

“ఆపావేం?” అంది మార్తమ్మ.

కాగితం దగ్గరికి తెచ్చుకుని చదివాడు.

“‘తలుపు తీశారు. థాంక్సండీ రిజ్వాన్ గారూ. బయటికొచ్చేశాను. ప్రసాదరావు గారి ఇల్లు నాకు తెలుసండీ. మీ ఇల్లే తెలీదు. ఏలూర్లో ఎక్కడండీ?’”

కొల్లేటి మీంచి ఒక చల్లటి గాలి తెర వచ్చి, వాకిట్లో ఆగింది. మార్తమ్మ తల తిప్పి, అతని భుజం వెనక్కి, ఎవరో నిలబడి ఉన్నట్టు చూసింది. ఆవిడ ముఖంలోకి మూడు నెలల తర్వాత మొదటిసారి నవ్వు వచ్చింది.

“చెప్పు బాబూ,” అంది నెమ్మదిగా. “అడుగుతోంది కదా.”